పంక్తి మధ్యలో లేచి వచ్చాం

నా ఉద్యోగమంతా ల్యాబులోనే గడిచిపోయింది. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్. వచ్చిన ప్రతి డ్రమ్ములోంచీ శాంపిల్ తీసి, పరీక్షకు నిలబడితేనే లోపలికి రానిచ్చే పని. దయ్యాల విషయంలోనూ నాది అదే పద్ధతి. ఎవరైనా చూశామంటే ఎప్పుడు, ఎంత దూరంలో, అప్పటికి జ్వరం ఏమైనా ఉందా అని వరసపెట్టి అడిగేవాణ్ణి. చాలామంది సగంలోనే జారుకునేవాళ్ళు. "మీతో కబుర్లు చెప్పుకునే కంటే పోలీసు స్టేషన్‌కి వెళ్ళడం నయం" అనేది మా ఆవిడ పద్మ.

ఇప్పుడు రాస్తున్నది మా ఇంట్లోనే జరిగింది. ఆ ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకున్నాను. జ్వరం లేదు. పట్టపగలు. చూసింది నేనొక్కణ్ణే కాదు. అయినా నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తొంభైల మధ్యలో మాట. హైదరాబాదులో సుచిత్ర కూడలి దగ్గర కొత్తగా కట్టిన అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. మాది కోనసీమ. నాన్నగారు పోయాక అమ్మను నా దగ్గరికి తీసుకొచ్చాను. ఇంట్లో నేను, పద్మ, అమ్మ, మా అమ్మాయి చిన్ని. చిన్ని అప్పుడు ఒకటో తరగతి. అన్నం అంటే చాలు పారిపోయేది. పద్మ గిన్నె పట్టుకుని దాని వెనకాల మెట్లెక్కీ దిగీ తిరిగేది. పక్క ఫ్లాటు వాళ్ళు మా ఇంట్లో పిల్లను కొడుతున్నారేమో అనుకునేవాళ్ళు.

అమ్మ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఎదుటివాళ్ళు కడుపు నిండా తినకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. మా ఊళ్ళో ఏ శుభకార్యమైనా వడ్డన అమ్మ చేతిలోనే ఉండేది. పంక్తి వేస్తే నాలుగాకులు ఎక్కువే వేసేది, చివరి నిమిషంలో వచ్చేవాళ్ళు ఉంటారని. పక్కవాడు తింటుండగా లేవడం ఆవిడ దృష్టిలో ఘోరమైన తప్పు. మజ్జిగ పోసుకుని తినకపోతే అసలు భోజనం చేసినట్టే కాదు. హోటల్లో సగం తిని లేచే మనుషుల్ని చూసి నిజంగానే బాధపడేది.

మా స్టోర్సులో పనిచేసే సత్తిరెడ్డి నాకు మంచి స్నేహితుడు. వాళ్ళకు శామీర్‌పేట అవతల మెట్ట పొలాలున్నాయి, చెల్కలంటారు వాళ్ళు. ఉద్యోగం అతనికి సరదా. ఆగస్టు పదిహేనుకు సెలవు వస్తే, జీపు తెస్తాను, అందరం శామీర్‌పేట చెరువు దగ్గరికి పోయి భోజనం చేసి వద్దామన్నాడు. అమ్మ హైదరాబాదు వచ్చాక గడప దాటింది తక్కువ. ఈ మాట వినగానే ముందు రోజు రాత్రే చింతపండు నానబెట్టింది. పులిహోర, గారెలు, పప్పు, వంకాయ కూర, గుమ్మడికాయ పులుసు. స్టీలు క్యాను నిండా మజ్జిగ. ఒక కట్ట విస్తరాకులు.

చిన్ని స్కూల్లో జెండా వందనం అయ్యాక గౌనుకు కాగితం జెండా గుచ్చుకుని వచ్చింది. బయలుదేరాం. పేట్ బషీరాబాద్, కొంపల్లి దాటితే అప్పట్లో రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష తోటలే. మేడ్చల్ దగ్గర కుడివైపు తిరిగి శామీర్‌పేట చేరేసరికి చెరువు కట్ట మీద తిరునాళ్ళలా ఉంది జనం. కాలు పెట్టే చోటు లేదు.

"గీ జనంల ఏడ కూసుంటం సార్? మా చెల్క పక్కన గుట్ట మీద పాత చర్చి ఉన్నది. ఎవ్వరు రారు, సల్లగ ఉంటది. నడుండ్రి" అన్నాడు సత్తిరెడ్డి.

తారు రోడ్డు దిగి మట్టి బాటలో చాలాసేపు పోయాం. బండరాళ్ళ గుట్ట, చుట్టూ సీతాఫలం చెట్లు. మధ్యలో రాతితో కట్టిన చర్చి. ఒకప్పుడు పెద్దదే అయి ఉండాలి. కిటికీలకు అద్దాలు లేవు. పైకప్పు ఒక పక్క మొత్తం పోయింది. రెండో పక్క పెంకులు ఇంకా నిలిచి ఉన్నాయి. నాకు చాలా నచ్చింది. నిశ్శబ్దం అంటే అట్లా ఉండాలనిపించింది.

"మా తాత జమానల కూలిందంట సార్ ఇది. మస్తు మంది సచ్చిండ్రంట. మ్యాకలోల్లు వానొస్తె నిలబడతరు, గంతే" అన్నాడతను.

"తినబోతూ ఆ మాటలెందుకు నాయనా" అంది అమ్మ.

గుడి కాదని తెలిసినా అందరం చెప్పులు గుమ్మం బయటే వదిలాం. పెంకులున్న వైపు నేల శుభ్రంగానే ఉంది. అమ్మ గోడ పొడవునా విస్తళ్ళు పరిచింది. ఎప్పటిలాగే మాకు కావలసిన వాటికంటే ఎక్కువ పరిచింది. నేను నవ్వాను. ఆవిడ పట్టించుకోలేదు. కొంగు నడుముకు దోపుకుని, మా ఊళ్ళో పెళ్ళి పందిట్లో పిలిచినట్టే గొంతెత్తి పిలిచింది. "రండమ్మా, రండి బాబూ. వడ్డించేశాను. ఎవరూ మొహమాట పడకండి, అందరూ వచ్చి కూర్చోండి."

ఎత్తైన గోడలు కదా, ఆ పిలుపు ఆ చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. సత్తిరెడ్డి పగలబడి నవ్వాడు. "ఉన్నది గింతమందిమే గదమ్మా, ఊరందర్ని పిలుస్తున్నరు?"

చిన్ని మా పక్కన కూర్చోలేదు. ఆ చివర ఖాళీ విస్తళ్ళ మధ్యలో ఒక ఆకు చూసుకుని కూర్చుంది. ఇక్కడికి రమ్మని పద్మ పిలిస్తే తల అడ్డంగా ఊపింది. పోనీలే అనుకున్నాం. కాసేపటికి చూస్తే తన చేత్తో తనే తింటోంది. పప్పన్నం తింది, కూర తింది, గారె తింది. పద్మ నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. మాట్లాడితే దిష్టి తగులుతుందేమో అన్నట్టు ఇద్దరం తలలు వంచుకున్నాం.

మధ్యలో చిన్ని తన పక్క ఆకు చూపించి "నాన్నమ్మా, ఇక్కడ కూడా వెయ్యి" అంది. తర్వాత ఇటు పక్క ఆకు చూపించింది. ఆ తర్వాత దాని అవతలి ఆకు. పిల్ల తింటోంది, అదే పదివేలు అనుకుని అమ్మ నవ్వుతూ ఆడినట్టే అన్నిట్లోనూ కొంచెం కొంచెం వడ్డించుకుంటూ పోయింది.

పులుసన్నం దగ్గర ఉండగా వాన మొదలైంది. మామూలు వాన కాదు. పైన పెంకులు దడదడలాడాయి. గోడ మీదినుంచి ఒక రాయి జారి నా విస్తరి దగ్గరే పడింది. "లేవుండ్రి, లేవుండ్రి, జల్దీ" అని సత్తిరెడ్డి అరిచాడు. ఎక్కడి ఆకులు అక్కడ వదిలి, గిన్నెలు దొరికినవి పట్టుకుని జీపులోకి పరిగెత్తాం. మజ్జిగ క్యాను మూత కూడా తియ్యలేదు.

చిన్ని రానంటే రానంది. ఆకు ముందు అలాగే కూర్చుంది. నేను వెళ్ళి రెక్క పట్టుకుని లేపి ఎత్తుకొచ్చాను. భుజం మీద పడి ఒకటే ఏడుపు. "ఇంకా అవ్వలేదు, ఇంకా అవ్వలేదు" అని. తిండి మీద దానికి అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని జీపులో మేం నవ్వుకున్నాం కూడా. కుడి చెయ్యి మాత్రం కడగనివ్వలేదు. ఇల్లు చేరేదాకా గుప్పిట మూసే ఉంచింది.

అమ్మ ఆ దారంతా మూత తియ్యని మజ్జిగ క్యాను ఒళ్ళో పెట్టుకుని గుట్ట వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాటి నుంచి చిన్ని కంచం ముందునుంచి లేవడం మానేసింది. పిలవగానే వచ్చి కూర్చునేది. మెతుకు మెతుకు తీసి నోట్లో పెట్టుకునేది. అటు చూసేది, ఇటు చూసేది. కంచం ఖాళీ అయినా లేచేది కాదు. లే అంటే "వాళ్ళది అవ్వలేదు" అనేది. ఎవరిదే అంటే మళ్ళీ పక్కలకు చూసేది. మజ్జిగ పోయబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేది. "వాళ్ళకి పొయ్యకుండా నాకొద్దు" అనేది.

మొదట మొండితనం అనుకున్నాం. బుజ్జగించాం. ఒకసారి కొట్టాను కూడా. స్కూలునుంచి తీసుకురావడానికి వెళితే టీచరు పద్మను పక్కకు పిలిచి అడిగింది, మీ అమ్మాయి టిఫిను డబ్బా ముందే కూర్చుంటోంది, గంట కొట్టినా క్లాసులోకి రావడం లేదు, ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని. పద్మ ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

తినేది ఎక్కువసేపే. ఒంటికి పట్టేది ఏమీ లేదు. బుగ్గలు పోయాయి. గౌను భుజాల మీంచి జారిపోయేది. డాక్టరు నులిపురుగులకు మందిచ్చాడు, ఆకలికి టానిక్కు రాశాడు. రక్తపరీక్షలు నేనే దగ్గరుండి చేయించాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చి సెలైను పెట్టించాల్సి వచ్చింది. మంచం మీద కూడా లేచి కూర్చునేది. ముందు కంచం ఉన్నట్టు దుప్పటి సర్దుకుని, రెండు పక్కలకూ చూసేది.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. కంచం దగ్గరే నిద్రపోతే నేనే ఎత్తుకెళ్ళి దాని చెయ్యి సబ్బుతో కడిగి, తుడిచి పడుకోబెట్టేవాణ్ణి. పొద్దున్న చూస్తే ఆ చేతికి ఎండిన మెతుకులు అంటుకుని ఉండేవి. మొదటిసారి నేనే సరిగా కడగలేదనుకున్నాను. రెండోసారి గోళ్ళ కింద కూడా చూసి కడిగాను. వంటింటికి తాళం వేశాను. పొద్దున్న మళ్ళీ అంతే. మెతుకులు తీసి చూశాను. మా ఇంట్లో వండేది సన్నబియ్యం. అవి ఎర్రగా, లావుగా ఉన్నాయి.

అమ్మ అప్పటికే ఒకసారి అంది. "పంక్తి మధ్యలో లేపుకొచ్చాంరా దాన్ని." నేను విరుచుకుపడ్డాను. పిల్ల అట్లా ఉంటే నీ చాదస్తం ఏమిటని అరిచాను.

ఆసుపత్రినుంచి తీసుకొచ్చాక సత్తిరెడ్డి చూడటానికి వచ్చాడు. వాళ్ళమ్మను వెంట తీసుకొచ్చాడు. బాగా పెద్దావిడ. అందరూ ఆవిణ్ణి అవ్వ అనే పిలుస్తారు. మేం గుట్ట మీదికి పోయిన రోజు ఆవిడ ఊళ్ళో లేదు, ఎక్కడో పెళ్ళికి వెళ్ళింది. ఆ సాయంత్రం చిన్ని కంచం ముందు కూర్చుని ఉంది. అవ్వ గుమ్మంలోనే నిలబడి దాన్ని చూసింది. అటూ ఇటూ తిరిగే పిల్ల చూపు చూసింది. తర్వాత సత్తిరెడ్డి వైపు తిరిగింది.

"ఏడికి తీస్కపోయినవ్ రా వీల్లను?"

అతను చెప్పాడు. ఆవిడ నెత్తి కొట్టుకుని కింద కూలబడింది.

అప్పుడు చెప్పింది. ఆవిడ అత్తగారి కాలంలో పెద్ద కరువొచ్చింది. ఒక తెల్ల పాదిరి ఆ గుట్ట మీద అనాథ పిల్లల్ని చేరదీసి హాస్టలు పెట్టాడు. మరుసటేడు వానలు పడ్డాయి, పంట చేతికొచ్చింది. కోతల పండుగ చేశారు. కరువు తర్వాత మొదటిసారి పిల్లలకు కడుపు నిండా ఎర్రబియ్యం అన్నం. బయట వాన కొడుతోందని చర్చిలోపలే వరసగా కూర్చోబెట్టి వడ్డించారు. తింటుండగానే పైకప్పు కూలింది.

"చేతుల ముద్ద చేతులనే ఉన్నదంట బిడ్డా. సల్ల పొయ్యకముందే అయిపోయింది" అంది అవ్వ. సల్ల అంటే వాళ్ళ భాషలో మజ్జిగ. "అప్పటిసంది ఆ గుట్ట మీద ఎవ్వరం సద్ది మూట ఇప్పం. వీడు గివన్ని ఇననే ఇనడు. తిన్నా ఎవ్వర్ని పిల్వం. ఎవలు పిలిచిండ్రు ఆడ?"

"నేనేనమ్మా" అంది అమ్మ.

"పిలిచిండ్రు, కూసోబెట్టిండ్రు. మల్ల సల్ల పొయ్యకుంటనే లేసొచ్చిండ్రు. పోరగాండ్లు ఇంక కూసునే ఉన్నరు. మీ పొల్లను కూడ కూసోబెట్టుకున్నరు."

నాకు ఒళ్ళు మండింది. ఇదంతా కట్టుకథ అని తోసిపారేయాలని నోరు తెరిచాను. చిన్ని అప్పుడు తల తిప్పి అవ్వను చూసి "అవును" అంది. చాలా మామూలుగా, స్కూల్లో హాజరు చెప్పినట్టు.

ఆగిపోయిన ఆ పంక్తి పూర్తి చేసి రావాలని ఆదివారం పొద్దున్నే అమ్మ వంట మొదలెట్టింది. ఆ రోజు చేసినవే మళ్ళీ చేసింది. మజ్జిగకు మాత్రం ఈసారి రెండు క్యాన్లు. నేను అడ్డు చెప్పలేదు. అప్పటికి మా పిల్లను ఎత్తుకుంటే బరువే తెలియడం లేదు. ఎవరేం చెప్పినా చేసే స్థితిలో ఉన్నాను.

ఎండ బాగా కాస్తోంది. గుట్ట మీద గాలి కూడా లేదు. అవ్వ చర్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నేను లోపటికి రాను. పిల్సింది నువ్వు, పెట్టాల్సింది నువ్వే" అంది అమ్మతో. సత్తిరెడ్డి జీపు దిగలేదు.

నేను, పద్మ ఎదుటి గోడకు ఆనుకుని కూర్చున్నాం. చిన్ని నా ఒళ్ళో ఉంది. అమ్మ విస్తళ్ళు పరిచింది. ఎన్ని వెయ్యాలని ఎవరినీ అడగలేదు. పరుచుకుంటూ పోయి ఒక చోట ఆగింది. తర్వాత పిలిచింది. ఆ రోజు పిలిచినట్టే.

వడ్డన చూడటం నాకు కొత్త కాదు. చిన్నప్పటినుంచీ అమ్మ వడ్డించడం చూస్తూ పెరిగాను. ఎదురుగా మనుషులుంటే ఆవిడ గరిటె ఎట్లా కదులుతుందో నాకు తెలుసు. ఒకరికి ఎక్కువ వేస్తుంది, ఒకరి దగ్గర సగంలో ఆపేస్తుంది. ఆ రోజు అట్లాగే వడ్డించింది. ఒక ఆకులో అన్నం వేసి ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొంచెం వేసింది. ఒకచోట వంగి "గారె గట్టిగా ఉందా నాన్నా, పులుసులో ముంచుకో" అంది. ఆ పక్కన ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు గరిటె చటుక్కున ఆగింది. భయంతో చేస్తున్న పని కాదది. పద్మ నా చొక్కా పట్టుకుంది, వదల్లేదు.

పప్పు, కూర, పులుసు అయ్యాయి. మజ్జిగ తీసుకుంది. ఈ చివరినుంచి ఆ చివరికి ప్రతి ఆకులోనూ అన్నం పెట్టి, చేత్తో గుంట చేసి, పోసింది. ఎక్కడా తొందరపడలేదు.

పంక్తి మధ్యలో ఒక్క ఆకు మిగిలింది. అందులో ఆవిడ ఏమీ వడ్డించలేదు. సరిగ్గా ఆ రోజు చిన్ని కూర్చున్న చోటు. క్యాను పక్కన పెట్టి అమ్మ అక్కడ తనే కూర్చుంది. పాపం అలసిపోయిందనుకున్నాను. కొంచెం అన్నం, పులుసు వేసుకుని తినసాగింది. మజ్జిగ పోసుకోలేదు. తింటూ తింటూ ఆగి, పక్కవాళ్ళతో చెప్పినట్టు ఏదో మెల్లగా చెప్పింది. నాకు వినపడలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. చిన్ని నా ఒళ్ళోంచి ఆ వరసనే చూస్తోంది, ఈ చివరినుంచి ఆ చివరికి. ఉన్నట్టుండి ఒళ్ళు వదులు చేసింది.

"అయిపోయింది నాన్నా. చెయ్యి కడుగు" అంది.

అప్పుడు విన్నాను. చాలామంది ఒక్కసారి నేలమీదినుంచి లేస్తే వచ్చే చప్పుడు. బట్టల చప్పుడు, ఉత్త కాళ్ళ చప్పుడు. గాలి లేదని ముందే చెప్పాను. పద్మ కూడా విన్నది. గుమ్మంలో ఉన్న అవ్వ గబుక్కున పైట సర్దుకుని ఒక పక్కకు జరిగింది. ఎవరో బయటికి పోతుంటే దారి ఇచ్చినట్టు గోడకు అంటుకుని నిలబడింది. వెంటనే తిరిగి రాలేదు. అలా నిలబడే ఉంది. ఆవిడ చూపు మాత్రం కిందికి, పిల్లల ఎత్తులో, ఒక్కొక్కరినీ సాగనంపుతున్నట్టు కదిలింది.

తర్వాత నేను విస్తళ్ళు చూశాను. నా అలవాటు కదా. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మజ్జిగ లేదు. పుల్లలతో కుట్టిన ఆకుల్లో పోస్తే కారి నేల తడవాలి. వంగి చేత్తో తడిమాను. నేల పొడిగా ఉంది.

ఆ సాయంత్రం చిన్ని అన్నం వద్దని పద్మను మెట్ల మీద పరిగెత్తించింది. పద్మ నవ్వుతూ, ఏడుస్తూ దాని వెనకాల పరిగెత్తింది. నేను బాల్కనీలో నిలబడి ముఖం తుడుచుకున్నాను.

అంతటితో అయిపోతే, పిల్లలకు వచ్చే ఏదో జబ్బు వచ్చిందీ పోయిందీ అని సర్ది చెప్పుకునేవాణ్ణేమో.

ఆ రోజునుంచి అమ్మ మజ్జిగ మానేసింది. పెరుగూ ముట్టలేదు. పులుసన్నంతో, కాకపోతే చారన్నంతో లేచిపోయేది. మజ్జిగో పెరుగో వేసుకోకపోతే భోజనమే కాదన్న మనిషి. పడటం లేదా అంటే పడుతుంది అనేది. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉంది అనేది. పండగలకు కూడా అంతే. వడ్డించడం మాత్రం అందరికీ వడ్డించేది.

ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు గట్టిగా అడిగాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"చిన్ని కోసం ఆ పిల్లలు మధ్యలో చోటు ఉంచారురా. దాన్ని వదిలిపెట్టి మేం లేవం అన్నారు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, పసివాళ్ళు. స్నేహం అయింది. అందుకని ఆ చోట నేను కూర్చున్నాను. మీరు పదండి నాన్నా, నాది ఇంకా అవ్వలేదు, అయ్యాక నేను వస్తాను అని చెప్పాను."

తిట్టాలో, కాళ్ళమీద పడాలో తెలియలేదు. ఆవిడ బియ్యం చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు.

ఏళ్ళు గడిచాయి. ద్రాక్ష తోటలు పోయి ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి. తూంకుంట దాకా ప్లాట్లు పడ్డాయి. సత్తిరెడ్డి తన చెల్క అమ్మేశాడు. గుట్ట ఏమైందో నేను అడగలేదు. చిన్ని ఇంజనీరింగ్ పూర్తి చేసింది. ఆ గుట్ట గానీ, జ్వరం గానీ దానికి ఏమీ గుర్తులేవు. చిన్నప్పుడు ఆసుపత్రిలో ఉన్నావంటే, "అవునా, ఎందుకు" అంటుంది.

దానికి ఉద్యోగం వచ్చిందని కబురొచ్చిన వారం అది. అమ్మ బాగా పెద్దదైపోయింది. మంచం దిగడం తగ్గింది. మధ్యాహ్నం నేను మార్కెట్‌కి వెళ్ళి కూరలు తెచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. లోపల చిన్ని గొంతు వినపడింది. "కొంచెం ఉప్పు వెయ్యనా నాన్నమ్మా?"

వెళ్ళి చూశాను. చిన్ని మంచం అంచున కూర్చుని గిన్నెలో పెరుగన్నం కలిపి ముద్దలు చేసి పెడుతోంది. అమ్మ చిన్నపిల్లలా నోరు తెరిచి తింటోంది. గిన్నె దాదాపు ఖాళీ అయింది.

"ఎవరు పెట్టమన్నారే?" అన్నాను.

"నాన్నమ్మే అడిగింది నాన్నా. ఎన్నాళ్ళకో ఇష్టపడి అడిగింది కదా అని. ఎందుకలా చూస్తున్నావు?"

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ గిన్నె లాక్కోవాలని ప్రాణం కొట్టుకుంది. అమ్మ నా వైపు చూసింది. ఆవిడ కళ్ళలో భయం లేదు.

"చాలాసేపు కూర్చున్నానురా. కాళ్ళు పట్టేశాయి" అంది.

ఆఖరి ముద్ద తిని, చిన్ని చేత మూతి తుడిపించుకుని పడుకుంది. సాయంత్రం కాఫీకి లేపితే లేవలేదు.

వయసైపోయింది, గుండె ఆగిపోయింది అన్నాడు డాక్టరు. సరే. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. పిల్ల జబ్బుకు కూడా ఎవరైనా కారణం చెబితే వింటాను. పొడిగా ఉన్న ఆ నేలకు, ఆ ఎర్ర మెతుకులకు, గుమ్మంలో పక్కకు జరిగిన అవ్వకు నా దగ్గర కారణం లేదు. ఇన్నేళ్ళు ఆలోచించినా దొరకలేదు.

చిన్నికి ఇదంతా ఇంతవరకు చెప్పలేదు. నాన్నమ్మకు ఆఖరి ముద్ద తన చేత్తో పెట్టానని అది చాలా తృప్తిగా చెప్పుకుంటుంది. అది చెప్పుకున్నప్పుడల్లా నేను లేచి అవతలికి వెళ్ళిపోతాను.